ముక్కు చచ్చిన మనిషి

వాసనొస్తుందని మొదలన్నది ఇంటామె చంద్రకళమ్మ.
"రాత్రి పన్నెండింటికి
సన్నబియ్యం ఎసట్ల పోసినట్టు గుమ్మని కొడుతుందే ఓదెమ్మా,
మీ అర్రల్నించే.
కిరాయికి పైసల్లేవంటరు,
అందరు పండుకున్నంక బిర్యానీ వండుకుంటరు."

నేనేమంట?
పదకొండేండ్ల సంది ఎనుమాముల కోల్డ్ స్టోరేజీల
తేజ కాయకు తొడిమెలు తీసిన ముక్కు ఇది.
మల్లెపువ్వు, మోరీ ఒక్కటే దీనికి.
పాలు మాడితే పక్కింటోళ్లొచ్చి చెప్పాలె.

కట్టమల్లు గౌడ్ వచ్చిండు, మోకు భుజం మీదనే ఉంది.
గోడకింద పెంటిక పుల్లతోటి కెలికిండు.
అన్నీ ఈతగింజలే, కడిగి ఆరబోసినట్టు.
"మానుపిల్లి" అన్నడు. "నా లొట్లల్ల మూతి పెట్టేది గిదే.
ఆడ తాగి
ఈడ మీ అటక మీద పండుతుంది,
ఇల్లరికపు అల్లునిలెక్క."

ఇగ గిర్మాజిపేటల మా గల్లీ అంత వైద్యులే.
కలరా ఉండలు మూటగట్టి ఇసిరిండ్రు.
రాత్రంత బల్బు ఏలాడదీసిండ్రు,
దానికి పురుగులొస్తే
మానుపిల్లి కూసోని తిన్నదట, మా సునంద చూసింది.
ఫారెస్టోళ్లకు ఫోన్ కొడితే
"దాన్ని కొట్టేరు, కేసైతది.
మంచిగ చెప్పి పంపుండ్రి" అన్నరు.
మంచిగ ఎట్ల చెప్పాలెనో చెప్పలే.

ఆఖరికి సారయ్య, నా పెనిమిటి,
మార్కెట్ల ఊడ్చిన తాలుకాయ గంపెడు తెచ్చిండు.
గమేలల నిప్పులు, నిప్పుల మీద తాలుకాయ.
పొగ లేచింది.
చంద్రకళమ్మ చీరకొంగు నోట్లె కుక్కుకోని రోడ్డెక్కింది.
మంగలి షాపుల సగం గడ్డం గీకిచ్చుకున్నాయన
నురగతోటే ఉరికిండు.
కుక్కలు సుత తుమ్మినయి.
మానుపిల్లి మాత్రం దిగలే.

గల్లీల దగ్గనిది నేనొక్కదాన్నే.
అందరు నా దిక్కు చూసిండ్రు.
నిచ్చెన తెచ్చింది ఎవరో నాకు యాదికి లేదు.

పైన చీకటి, పొగ, ఇరిగిన నవారు మంచం,
చంద్రకళమ్మ అత్త నాటి ఇత్తడి గంగాళం.
గంగాళంల పాత గోనెసంచి,
దాంట్ల మూడు కూనలు. కండ్లు తెరవలే ఇంక.
తల్లి వాటి మీద అడ్డం పడుకున్నది.
దాని కండ్లెంబడి ధారగ నీళ్లు.
ఉరకలే. గుర్రుమనలే.
మూతి ముందుకు పెట్టి
నన్ను వాసన చూసింది.

ఏం దెలిసిందో.
నా ఒంటి మీద మిరపకాయే ఉంటది,
ఇంకేముంటది.

రెండు పెంకలు పక్కకు జరిపిన. పొగ ఆకాశం చూసుకున్నది.
కిందికి దిగి "ఏం లేదు, పోయింది" అన్న.

తర్వాత రెండు నెలలు చంద్రకళమ్మ నా మీద పడుతనే ఉన్నది.
"పోతే వాసనెందుకొస్తుందే?"
"గోడలకు పట్టింది అమ్మా, మెల్లగ పోతది."
"నీకు ముక్కే లేకపాయె, నీకేం దెలుసు?"
అది సుత నిజమే.

రోజు పొద్దుగూకంగ నిచ్చెనెక్కి
పెంకల సందు ముంగట ముగ్గుపిండి చల్లేది.
తెల్లారి చూస్తే
ఒక్కదాని అడుగులు, పోయినయి, వచ్చినయి.
మళ్ల అవే.
మృగశిర ఇంక నాలుగు రోజులున్నదనంగ
పిండంత ఆగమాగం,
పెద్దయి, చిన్నయి, ఒకదాని మీదొకటి,
అన్నీ బయటి దిక్కే.
ఒక రాత్రి ఆగిన. ఇంకో రాత్రి ఆగిన.
లోపలికి ఏదీ రాలే.

పెంకలు నేనే సర్దిన, సందుల సిమెంటు నేనే మెత్తిన.
సిమెంటు పైసలు కిరాయిల పట్టుకోమంటే
చంద్రకళమ్మ ఇనపడనట్టే పోయింది.

మొన్న వాన పడ్డది. మా అర్ర కురవలే.
పండుకున్నంక సునందను అడిగిన,
"బిడ్డా, ఎట్లుంటుండె ఆ వాసన?"
"పెండ్లిల అన్నం లెక్క ఉంటుండె అమ్మా."
"ఇప్పుడొస్తుందా?"
అది కాసేపు ముక్కుతోటి గాలి గుంజింది.
"తెలుస్తలేదు" అన్నది.
నేను సుత గుంజిన.